గ్రీకు తెలిసిన తాత, కంప్యూటరు తెలియని నేను

రోజుకు పదిసార్లు పలికే మాటకు అర్థమేమిటో తెలియదని నలుగురిలో ఒప్పుకునే ధైర్యం మీకు ఎన్నేళ్లకు వచ్చింది? నా మట్టుకు నాకు పందొమ్మిదో ఏట వచ్చింది. అదీ ఒక పరీక్ష తప్పిన తర్వాత, ఒక ముసలాయన పుణ్యమా అని. ఆ సంగతి ఇప్పుడు రాయాలనిపించడానికి కారణం, కల్లూరులో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీలో గత వారం జరిగిన ఒక చిన్న ముచ్చట. కంప్యూటరు గదిలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె లేచి, "మేడం, సైబర్ సైబర్ అని రోజూ రాస్తాండాం గానీ, సైబర్ అంటే ఏంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ మీది పిల్ల, "సైబర్ అంటే సైబరే లేమ్మే, పరీక్షలో అదే రాయి, మార్కులేస్తారు" అని అందుకుంది. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వి, జవాబు చెప్పాను. అయితే ఆ జవాబు నాకు ఎవరి దగ్గర దొరికిందో చెప్పడానికి పీరియడు చాలలేదు.

నా ఈడువాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మనం డిగ్రీలో చేరిన రోజుల్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు బయట విడిచి, పాదాల దుమ్ము గోనెపట్టాకు తుడుచుకుని, మాట తగ్గించి వెళ్లేవాళ్లం. యంత్రాల మీది గుడ్డ ముసుగులు తీసే అధికారం అటెండరుకు తప్ప మరెవరికీ ఉండేది కాదు. ఒక్కో యంత్రానికి ముగ్గురేసి కూర్చుంటే, నడిమి మనిషికే మీటలు అందేవి. మా కాలేజీ మొత్తంలో చల్లగా ఉండే గది అదొక్కటే కాబట్టి, కర్నూలు ఎండలకు జడిసి, పాఠం అర్థం కానివాళ్లు కూడా ఆ తరగతి మాత్రం మానేవాళ్లు కాదు. అర్థం కానివాళ్లలో మొదటిదాన్ని నేనే.

మాది బేతంచెర్ల. మా నాయన, అమ్మ ఇద్దరూ అక్కడి బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. తెలుగు మీడియంలో చదివిన నేను చర్చా పోటీల్లో మా కాలేజీ జట్టుకు ముందు నిలిచేదాన్ని, ఎదుటి పక్షం ఏమి చెప్పినా "దానికి ఆధారమేమిటి?" అని నిలదీయడం ఎంత అలవాటైపోయిందంటే, హాస్టల్ వంటామె ఉప్మాలో ఉప్పు సరిపోయిందన్నా ఆధారం అడిగేదాన్ని. వేదిక మీద అంత గొంతున్న దాన్ని, కంప్యూటరు పుస్తకం తెరిస్తే మూగదాన్నయ్యేదాన్ని. ఆటోమేటిక్, ఐకాన్, ప్రోగ్రామ్, క్రిప్టో, మైక్రో అంటూ పేజీ నిండా వరుస కట్టిన ఆ మాటలు లారీలోంచి దించిన చెక్కని రాళ్ల మాదిరి ఉండేవి. ఏ వైపు పట్టుకుని లేపాలో తెలిసేది కాదు. అన్నిటినీ బట్టీ పట్టి, అన్నిటినీ పరీక్ష హాల్లో మరిచిపోయి, ఆ ఒక్క పేపరూ తప్పాను. మా నాయన కోప్పడలేదు. "సప్లిమెంటరీ రాయమ్మా. అదీ పోతే సదువు సాలిద్దాం. ఫ్యాక్టరీలో మీ అమ్మ పక్కన నీకూ పని ఉండాది" అన్నాడు. అన్న మాట తప్పే మనిషి కాడు. నాకు మిగిలింది ఒక ఎండాకాలం.

ఆ సెలవులకు నన్ను మా అమ్మ పుట్టింటికి, జమ్మలమడుగు దగ్గరి పల్లెకు పంపించారు. మా అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాత, ఆ ఊరి పాస్టరు. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో దూరాన వేదపాఠశాలలో మూడేళ్లు చదివి, బైబిలులోని కొత్త నిబంధనను మొదట రాసిన భాషలోనే చదవాలని పట్టుబట్టి గ్రీకు నేర్చుకున్నాడట. శనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్లు, కొద్దిపాటి మెట్ట ఉన్నవాళ్లు నిండిన ఆ సంఘంలో ఆయన గ్రీకుతో ఎవరికీ పని పడలేదు. ఖాకీ గుడ్డ అట్ట వేసిన గ్రీకు ప్రతిని మాత్రం ఆయన రోజూ తెల్లవారి తీసి చదువుకునేవాడు. కంప్యూటరును ఆయన కళ్లతో చూసి ఎరుగడు.

ఒక ఉదయం నేను గొణుక్కుంటూ బట్టీ పడుతున్న మాటల్లో ఒకటి ఆయన చెవిన పడింది. "ఆ మాట మళ్లీ అను" అన్నాడు. ఆటోమేటిక్ అన్నాను. ఆయన లేచి, గ్రీకు ప్రతి తెచ్చి, ఒక పుట తెరిచి వేలు పెట్టాడు. రైతు విత్తనం చల్లి ఇంటికి పోయి పడుకుని లేచినా, భూమి తనంతట తానే మొలకనూ వెన్నునూ ఇస్తుందని చెప్పే చోట, ఆ 'తనంతట తానే' అన్నదానికి అక్కడున్న గ్రీకు మాట నా పాఠంలోని మాటకు తల్లి. నన్ను పరీక్ష తప్పించిన మాట, అంత ప్రాచీనమైన ఒక పొలంలో మొలకెత్తిందని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు.

ఆనాటి నుంచి అది మా పద్ధతి అయింది. ఆదివారపు బడి పిల్లల చేత ఆయన వాక్యం కంఠతా అప్పజెప్పించుకునేటప్పుడు, ఎవరు ఎవరితో ఎక్కడ అన్నారో చెప్పకపోతే ఒప్పుకునేవాడు కాదు. నా కంప్యూటరు మాటలకూ అదే నియమం పెట్టాడు. ఇంటి నేల కడప నల్లబండ. దాని మీదే సుద్దముక్కతో గ్రీకు అక్షరాలు రాసేవాడు. ఐకాన్ అంటే నాణెం మీది చక్రవర్తి బొమ్మ. ఈ రూపం ఎవరిదని అడిగిన సందర్భం చెప్పాలి. క్రిప్టో అంటే దాచినది. పొలంలో పూడ్చిన నిధి గుర్తుకు రావాలి. మైక్రో అంటే చిన్నది. భయపడవద్దని ధైర్యం చెప్పించుకున్న చిన్న మంద. సైబర్ మూలంలో ఓడ చుక్కాని పట్టేవాడున్నాడు. తుఫాను ముందర, ప్రయాణం వద్దన్న ఒక బందీ మాట కాదని అధికారి ఆ చుక్కానివాడి మాట విని ఓడను పోగొట్టుకున్న కథ ఆయన ఎంత రసవత్తరంగా చెప్పాడంటే, పక్కింటివాళ్లు కూడా వచ్చి గడపలో కూర్చున్నారు. మా అవ్వ మాత్రం తడిగుడ్డ పట్టుకుని నిలబడి, "మీ గ్రీకు అయిపోతే చెప్పండప్పా, బండలు తుడుచుకోవల్ల" అనేది.

ఈ ఆనందంలో ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. సంఘం యువజన కూటంలో ఈ మాటలన్నీ వివరిస్తూ, చివర్లో, కంప్యూటరు అన్న మాట కూడా గ్రీకుదేనని చెప్పాడు. దానికి తగిన పుట చూపించలేదు. ఈ చిన్న మాటలన్నీ ఆ ఇంటి పిల్లలైతే, వాటి పెద్దమనిషీ ఆ ఇంటివాడే గదా అన్నాడు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను.

పరీక్షకు పది రోజుల ముందు హాస్టలుకు తిరిగి వచ్చి, గదిలో నాతో ఉండే ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్లకు ఇదంతా గొప్పగా చెప్పాను. ఆమె మడత పెడుతున్న చీర ఆపి, "మీ తాత చెప్తే గ్రీకు అయిపోతాదా? స్టేజీ మీద ఆధారం యాడ, ఆధారం యాడ అని గొంతు చించుకునేది నువ్వే కదమ్మే!" అంది. మరునాడు పొద్దున్నే పెద్ద గ్రంథాలయానికి పోయి, ఇంటికివ్వని లావుపాటి నిఘంటువు ముందు కూర్చుని, నల్లబండ మీద రాసిన ప్రతి మాటనూ వెదికి, దొరికింది కాగితం మీద రాసుకున్నాను. రెండు రోజులు పట్టింది. అక్కడి ఉద్యోగి సాయిబు ఒకాయన, "ఏమ్మా, ఆ మాటల ఖాందాన్ మొత్తం బయటికి లాగుతాండావే, సంబంధం గాని చూస్తాండావా?" అని ఎగతాళి చేశాడు. తాత పుట చూపించి చెప్పిన మాటలన్నీ నిలిచాయి. కంప్యూటరు మాత్రం నిలవలేదు. అది లాటిన్ నుంచి వచ్చినది.

నా చర్చాశాస్త్రం ప్రకారం, ఒక్క సాక్ష్యం అబద్ధమైతే సాక్షి మొత్తం కూలిపోతాడు. మిగిలినవి సరైనవని నిఘంటువే చెప్పినా, మనసు ఒప్పుకోలేదు. ఆ ముసలాయన మీద నమ్మకం సడలితే, ఆయన కథలతో నాలో స్థిరపడిన పాఠం కూడా సడలుతున్నట్టే అనిపించింది. పుస్తకం తెరిస్తే మళ్లీ రాళ్లు. శనివారం నంద్యాలలో బస్సు మారి పల్లెకు పోయాను. గడపలో చెప్పులు విడవకముందే చెప్పేశాను. తాత నా కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివాడు.

"శానా మంచి పని చేసినావు" అన్నాడు. "ఇన్ని మాటలు నువ్వే చూసినావా?"

వంటింట్లోంచి అవ్వ నవ్వింది. "నలభై ఏండ్లు నేను తప్పంటే వినని మనిషి, ఈ పొద్దు బుక్కు చెప్తే విన్నాడే!"

మరునాడు ఆదివారం ఆరాధనలో, ప్రకటనల సమయంలో, పెండ్లి ప్రకటన ఒకటీ జబ్బుపడ్డవాళ్ల కోసం ప్రార్థన మనవి ఒకటీ చదివిన తర్వాత, ఆయన ఇంకొక కాగితం తీశాడు. యువజన కూటంలో కంప్యూటరు గ్రీకు మాట అని తాను చెప్పింది తప్పు అనీ, తెలియని చోట ఊహించి చెప్పాననీ, తన మనవరాలు వెదికి సరిచేసిందనీ, విన్నవాళ్లందరూ దిద్దుకోవాలనీ చెప్పాడు. నేను తల ఎత్తలేకపోయాను. వెనక వరసలోని పెద్దరైతు ఒకాయన ఉండబట్టలేక, "అది యాడ పుడితే మాకేమి అయ్యగారూ, శనక్కాయకు వాన పడితే సాలు!" అన్నాడు. అందరూ నవ్వారు, తాత కూడా నవ్వాడు. తర్వాత అన్నాడు: "నీకేమీ కాదు నాయనా. నాకవుతాది. ఈ మాట తప్పని తెలిసీ నేను దాపెడితే, రేపు ఇదే చోట నిలబడి ఏ మాట చెప్పినా మీరు నమ్మాల్సిన పని లేదు."

అన్ని పోటీల్లో, అన్ని వేదికల మీద, ఓడిపోతూ కూడా తప్పు ఒప్పుకోకుండా ఉండడమెట్లాగో నేర్చుకున్న నాకు, ఆ నిమిషం తలకిందులైన పాఠం. ఒక్క సాక్ష్యం తప్పినా సాక్షి నిలబడగలడు, తప్పును తనే చూపిస్తే. ఆయన చెప్పిన మిగిలిన మాటలు ఆ పూట నుంచి నాలో ఎవరూ కదపలేనంత గట్టిగా కూర్చున్నాయి. మరొకటి కూడా అర్థమైంది: నన్ను భయపెట్టిన ఆ మాటలు పండితులు కట్టినవి కావు, ఓడవాళ్లవీ, రైతులవీ, చేతిపనివాళ్లవీ. టెక్నాలజీ అన్నదాని మొదటి సగం చేతి నేర్పు అని చెబితే మా నాయన పాలిష్ పొడి అంటిన కనుబొమలు ఎగరేసి, "అట్లయితే నన్నూ ఇంజనీరు అనల్ల కదమ్మా" అన్నాడు.

సప్లిమెంటరీ పరీక్షలో, పాఠంలో ఎన్నడూ చదవని ఒక మాటను వివరించమని ప్రశ్న వచ్చింది. బట్టీ పట్టినవాళ్లు కలం కింద పెట్టారు. నేను ఆ మాటను రెండుగా విడదీసి, ఒక్కో సగం ఎక్కడిదో తలచుకుని, ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి ఊహిస్తున్నాను అని తేడా చూపుతూ రాశాను. ఫలితాలు వచ్చిన రోజు మా నాయన ఫ్యాక్టరీలో నా పేరు చెప్పి అందరికీ టీ ఇప్పించాడట. నా చదువు ఆగలేదు.

తాత పోయి చాలా ఏళ్లయింది. నేడు ఏ మాట పుట్టుక కావాలన్నా క్షణంలో తెర మీద కనబడుతుంది, అది మంచిదే. రెండు రోజులు లావుపాటి నిఘంటువు ముందు కూర్చున్న నాకు ఆ వేగం విలువ తెలుసు. కాని ఆ జవాబు తప్పయితే, వచ్చే ఆదివారం లేచి నిలబడి, విన్నవాళ్ల ఎదుటే దిద్దుకునే మనిషి దాని వెనక లేడు. జవాబులు పెరిగాయి, వాటికి పూచీ పడేవాళ్లు తగ్గారు. పిల్లలు అడగడం మానేశారని మనం నిందిస్తాం గాని, తెలియదని చెప్పిన పెద్దవాళ్లను వాళ్లు ఎంతమందిని చూశారో మనం లెక్క వేయం.

అందుకే మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో, ఒక పిల్లకో పిల్లవాడికో మీరు ఎప్పుడో నమ్మకంగా చెప్పి, తర్వాత తప్పని తెలుసుకుని, ఊరుకున్న మాట ఒకటి తప్పక ఉంటుంది. ఈ వారమే వెళ్లండి. దాన్ని ఎవరి ముందు చెప్పారో వాళ్ల ముందే నిలబడి, తప్పు చెప్పానని చెప్పండి.