కొబ్బరినీళ్లని చెప్పిన తాటికల్లు

మా ఆయన పైఅధికారిది ఫ్రాన్సు. సెలవులకు సొంత ఊరు వెళ్లొచ్చి, తన కింద పనిచేసేవాళ్లను కుటుంబాలతో సహా బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో ఒక హోటల్‌కి భోజనానికి పిలిచాడు. ఆ సాయంత్రం మొదలైన కోపం నాకు ఇంకా దిగలేదు.

భోజనం వచ్చేలోపు ఆయన ఫోన్లో వాళ్ల ఊరి ఫొటోలు చూపించాడు. చిన్న ఊరు. రాతి ఇళ్లు, సన్నటి సందులు, ఒక పాత చర్చి. ద్రాక్షతోటలు ఇళ్ల గడపల దాకా వచ్చేశాయి. కొండను తొలిచి వాళ్ల ముత్తాత కట్టుకున్న వైన్ నేలమాళిగ ఉంది. దాని గోడలకు నల్లగా బూజు పట్టి ఉంటుందట, ఎవరూ దులపరట. ఆ బూజుకీ వైన్ రుచికీ సంబంధం ఉందని ఊళ్లో అందరి నమ్మకం. కోత మొదలుపెట్టిన రోజు మొదటి బుట్ట ద్రాక్ష చర్చిలో పెట్టాకే మిగతా పని చూస్తారట. ఆఖరున వాళ్ల నాన్న చేతులు. ద్రాక్షరసం మరక గోళ్ల కింద ఊదారంగులో ఉండిపోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ చేతులను దేవుడి పటంలా చూశారు. వారసత్వమంటే ఇదీ అని ఒకరన్నారు. మా ఆయన ఆ ఊరి వైన్ గ్లాసు చేతిలో పట్టుకుని అందరికంటే ఎక్కువ తలాడించాడు.

మా పాప రెండో తరగతి చదువుతోంది. అంతసేపూ శ్రద్ధగా వింది. తర్వాత ఇంగ్లీషులో, మా తాత కూడా ఇదే చేస్తాడు, కాకపోతే ఆయన చెట్టు ఎక్కి తీస్తాడు, అంది. పైఅధికారి ఆసక్తిగా ముందుకు వంగి ఏం చెట్టని అడిగాడు. పాప నోరు తెరిచేలోపే మా ఆయన నవ్వేశాడు. కొబ్బరినీళ్ల గురించి చెబుతోంది సార్, మా మామగారికి కొబ్బరితోట ఉంది, అన్నాడు. పక్కనే ఉన్న మన తెలుగు సహోద్యోగి వైపు ఒకసారి చూసి మరీ అన్నాడు.

మా నాన్నను మేం బాపు అంటాం. బాపుది తెలంగాణలో ఒక పల్లె. ఆయన తాటిచెట్లు గీస్తాడు, కల్లు తీస్తాడు. ఇవాళ కూడా ఎక్కుతున్నాడు, పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. నడుముకు కట్టే తాడును మోకు అంటారు. చెట్టు బెరడూ ఆ మోకూ కలిసి ఇన్నేళ్లలో బాపు రొమ్ము మీద చర్మాన్ని మొద్దుబార్చేశాయి. చిన్నప్పుడు ఆయన ఎత్తుకుంటే నా చెంపకు గరుకుగా తగిలేది. ఆయన కూడా కల్లు కాలం మొదలయ్యాక దింపిన మొదటి కుండను, మేం లొట్టి అంటాం, ఎల్లమ్మ తల్లి దగ్గర కొంచెం ఒంపాకే ఎవరికైనా పోస్తాడు. మా ఊరికి ఫొటోలు తీయడానికి ఎవరూ రాలేదు. కేసులు రాయడానికి ఎక్సైజ్ జీపులు మాత్రం వచ్చేవి.

బాపు చెట్టు మీద ఉన్నంతసేపూ అమ్మ తల దువ్వుకునేది కాదు. ఎందుకని అడిగితే కసురుకునేది. డిగ్రీ చదివిన నేను, ఇంత దూరం వచ్చి కూడా, బాపు మాపటికి ఎక్కే వేళకు, ఇక్కడ అది మధ్యాహ్నం, దువ్వెన ముట్టుకోను. వేళ కాని వేళ ఇంటి నుంచి ఫోన్ మోగితే బాపు చెట్టు మీద నుంచి పడ్డాడనే అనుకుంటూ తీస్తాను. అలాంటి మనిషిని మా ఆయన నవ్వుతూ కొబ్బరినీళ్లలో కలిపేశాడు.

తిరిగొచ్చేటప్పుడు పాప వెనక సీట్లో నిద్రపోయాక అడిగాను, అట్లెందుకు చెప్పావని.

"ముస్లిం దేశంల కూసోని మా మామ కల్లు గీస్తడని చెప్పమంటవా?"

"మరి ఆడ నీ చేతిల ఉన్నదేంది? రోజా షర్బతా?"

"అది వైన్. దానికో చరిత్ర ఉన్నది."

ఇంకో మాట మాట్లాడితే కారు ఆపమనేదాన్ని.

పెళ్లిచూపులనాటికే మా ఆయనకు అన్నీ తెలుసు. బాపు ఏమీ దాచలేదు, దాచాల్సినదేదో ఉందనీ అనుకోలేదు. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఆ కల్లు తాగి బాగుందని కూడా అన్నాడు. ఊళ్లో బాగున్నది బహ్రెయిన్ దాకా వచ్చేసరికి ఎందుకు చెడిపోయిందో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం వీడియో కాల్‌లో పాప తాతకు అంతా చెప్పేసింది. నువ్వు కొబ్బరినీళ్లు అమ్ముతావని డాడీ చెప్పాడంది. బాపు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"అట్లనా? అల్లుడు చెప్పిండంటె నిజమే అయ్యుంటది తియ్. రేపటిసంది కొబ్బరిచెట్టు దేవులాడుకోవాలె. మన ఊర్ల ఒక్కటన్న లేదాయె."

పాప పకపకా నవ్వి ఆటలకు వెళ్లిపోయింది. అప్పుడు బాపు గొంతు తగ్గించి, దుబాయిల అల్లుడు మంచిగున్నడా అని అడిగాడు. మేమున్నది బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఇది దుబాయే. నేను ఏడుపు ఆపుకుంటున్నానని కనిపెట్టాడు.

"పోనీ బిడ్డా. నలుగుర్ల ఉండెటోడు. ఆయన ఇజ్జత్ ఆయనకుంటది."

కోపగించుకుని ఉంటే నాకు తేలికయ్యేది. తన ఇజ్జత్ ఊసే ఎత్తలేదు.

మర్నాడు పాప ఒక బొమ్మ వేసి ఫ్రిజ్‌కి అంటించింది. తాత చెట్టు ఎక్కుతున్నాడు, చెట్టు నిండా ఆకుపచ్చ కొబ్బరికాయలు. తాతది తాటిచెట్టు కదరా అన్నాను.

"డాడీ చెప్పినట్టే వేస్తే ఎవ్వరూ నవ్వరు కదమ్మా," అంది.

ఇంత చిన్న పిల్లకు ఎవరి పని చెప్పుకోవచ్చో, ఎవరి పని దాచాలో అప్పుడే తెలిసిపోయింది. తాత కల్లు గీస్తే ఏమైంది అని నా కూతురు రేపు అనగలగాలి. అనలేకపోతే ఆ మనిషి రొమ్ము మీది గరుకుదనం ఈమెకు ఎప్పటికీ ఒక సిగ్గుగానే మిగులుతుంది. ఆ భయం కోపం కంటే పెద్దది.

మా తమ్ముడు పంపిన ఫొటో ఒకటి నా ఫోన్లో ఉంది. బాపు చెట్టు నడుమ మోకు మీద వెనక్కి ఆనుకుని, రెండు చేతులూ వదిలేసి కత్తి చూసుకుంటున్నాడు. ఇక్కడి గుదైబియా బజారులో ఒక ఫొటో దుకాణంలో దాన్ని పెద్దది చేయించి, చట్రం కట్టించి, హాల్లో సోఫాకు ఎదురుగా తగిలించాను. ఆ వారాంతమే పైఅధికారినీ ఆయన భార్యనూ మా ఆయన ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆ రోజు ఉల్లిపాయలు తెచ్చి వంటింట్లోకి వస్తూ మా ఆయన ఆ గోడ చూశాడు.

"ఇయ్యాల్టికి లోపల పెట్టు. రేపు మళ్ల తగిలించుకో."

"నేను తియ్య. నువ్వు తియ్యి. బిడ్డ ముందట తియ్యి."

పాప సోఫాలో కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆయన చెయ్యి గోడ దాకా వెళ్లి ఆగింది. ఇంతలో గంట మోగింది.

అతిథి లోపలికి వస్తూనే ఫొటో ముందు నిలబడిపోయాడు. ఈయనేనా తాత, ఇదేనా కొబ్బరిచెట్టు అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన వంటింటి వైపు చూశాడు. పాప వాళ్ల నాన్న మొహం చూసింది, తర్వాత నా మొహం. అప్పుడు తనే చెప్పింది. కొబ్బరి కాదు, తాటిచెట్టు, మీ ఊరి వైన్ లాగా మా తాత కల్లు తీస్తాడు, అని. వాళ్ల నాన్న వైపు చూడకుండా మాట పూర్తి చేసింది. ఎవరూ నవ్వలేదు.

అతిథి అన్నం చల్లారేదాకా అడుగుతూనే ఉన్నాడు. చెట్టు చెట్టుకీ రుచి మారుతుందా, వానలో ఎలా ఎక్కుతాడు, పొద్దున తీసింది సాయంత్రానికి ఎందుకు పులుస్తుంది. నేను చెబుతుంటే మా ఆయన కొత్తగా వింటున్నట్టు విన్నాడు. కొత్తే మరి. ఇన్నేళ్లలో ఒక్కటీ అడగలేదు.

వాళ్లు వెళ్లాక కంచాలు తీస్తూ ఉత్సాహంగా అన్నాడు.

"సార్‌కి ఎంత నచ్చిందో చూసినవా? మీ బాపు పాత మోకు ఒకటుంటె తెప్పిద్దాం. హాల్ల పెడితె మంచిగుంటది."

హోటల్లో వచ్చిన కోపం దీని ముందు ఏపాటిది. మా బాపు పనికి విలువ రావాలంటే ఇంకో దేశపు మనిషి దాన్ని మెచ్చుకోవాలన్నమాట. నేను కొళాయి కట్టేసి ఆయన వైపు తిరిగాను.

"అది గోడకు వేలాడదీసేది కాదు. దాని మీద పానం పెట్టి రోజూ ఎక్కుతున్నడు. నీకు కావాలంటె నువ్వే ఫోన్ చెయ్యి. ముందుగాల కొబ్బరినీళ్ల ముచ్చట చెప్పు. తర్వాత మోకు అడుగు."

ఇంకా చెయ్యలేదు. రోజూ ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు, బాపు నంబరు దాకా వెళ్లి వేరే ఏదో చూస్తాడు. నేను గుర్తు చెయ్యను. ఆయన తరఫున నేను చెప్పేస్తే బాపు మళ్లీ పోనీ బిడ్డా అంటాడు, దానితో అయిపోతుంది. అలా అయిపోనివ్వను.

ఫ్రిజ్ మీది బొమ్మలో పాప కొబ్బరికాయలన్నిటికీ నల్లరంగు పూసి తాటికాయలు చేసింది. ఆకులు మాత్రం ఇంకా కొబ్బరాకులే. తాటాకు విసనకర్రలా విచ్చుకుని ఉంటుందని చెప్పాను. ఈసారి తాతను అడిగి వేస్తానంది.