ఒంటిపూట పెద్దమేస్టారు

నా చిన్నప్పుడు మా హైస్కూల్లో ఏ పనీ లేని మనిషి ఒక్క పెద్దమేస్టారేనని నేను గట్టిగా నమ్మాను. నమ్మి ఊరుకుంటే గొడవే లేదు. నమ్మినదాన్ని నలుగురికీ చెప్పడం నా తెలివితక్కువతనం. ఆయన నా వెనకే నిలబడి ఉండగా చెప్పడం దానికి పై మెట్టు.

నా లెక్క నాకుంది. లెక్కల మేస్టారు లెక్కలు చెబుతారు, తెలుగు మేస్టారు పద్యాలు చదువుతారు, డ్రిల్లు మేస్టారు విజిల్ ఊదుతారు, ప్యూను గంట కొడతాడు. ఈయనో? పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. తర్వాత వరండాలో నడుస్తారు, ప్రతి క్లాసులోకీ ఓసారి తొంగి చూస్తారు, వెళ్లిపోతారు. సాయంత్రం బడి వదిలాక గొడుగు తీసుకుని జీడితోటల వైపు నడిచిపోతారు. ఎక్కడికి? పుస్తకాల్లో ఉన్న ఏ ప్రశ్నా నన్ను ఇంతగా వేధించలేదు. ఒకసారి వెంబడించి సరుగుడు తోట దగ్గర తప్పిపోయాను. తోటల్లో ఆయనకేదో పాతర ఉందని నా జతగాడు అనేవాడు. ఏదో పాకలో వేడి పకోడీలు తింటారని నేను అనేవాణ్ణి. నా ఊహలు ఎంత దూరం వెళ్లినా తిండి దగ్గరే ఆగేవి.

"ఈయనకి జీతమిచ్చీది నడవడానికేరా!" అని ఆ రోజు నేనన్నప్పుడు అందరూ నవ్వి, ఒక్కసారిగా ఆపేశారు. వెనక్కి తిరిగితే పెద్దమేస్టారు. కోపం లేదు. మీసంలోంచి చిన్న నవ్వు మాత్రం.

ఆ వారంలోనే స్వపరిపాలన దినం వచ్చింది. ఆ రోజు పిల్లలే మేస్టర్లవుతారు, మేస్టర్లు బెంచీల మీద కూర్చుంటారు. పదో తరగతి వాళ్లకి పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ ఏడు పదవులన్నీ మా తొమ్మిదో తరగతికి ఇచ్చారు. పెద్దమేస్టారు నన్ను పిలిచి, "హెడ్మాస్టరుగా నువ్వుండు. ఎలాగూ పనేమీ ఉండదు, నీకు సరిపోతుంది," అన్నారు. అది పొగడ్త అనుకుని ఇంటికి పరిగెత్తి నాన్నగారి కండువా తెచ్చుకున్నాను.

పొద్దున్న గేటు దగ్గర నిలబడ్డాను. వరండాలో నడిచాను. తొంగి చూశాను. రెండో పీరియడుకే విసుగొచ్చింది. అప్పుడొక కుతూహలం పుట్టింది. ఈ కుర్చీలోంచి ఒక మాట అంటే అది ఎంత దూరం పోతుంది? ప్యూనుని పిలిచి, మధ్యాహ్నం నుంచి బడికి సెలవన్నాను. అలా నేను సెలవిచ్చాను, ఆ మాటకున్న రెండర్థాల్లోనూ. డ్రిల్లు మేస్టారు కంగారుగా పెద్దమేస్టారి వైపు చూశారు. పదో తరగతి ఆఖరి బెంచీలో కూర్చున్న ఆయన పుస్తకం మూసి, "హెడ్మాస్టరుగారి ఆర్డరు కదండీ," అని పిల్లలతో పాటు లేచి నడిచారు.

మా నాన్నగారు టెక్కలిలో గుమస్తా. మా ఇంట్లో సెలవంటే సముద్రపు ఒడ్డు, ఇసుక, ఆకలేసేదాకా ఆట. ఊళ్లో అందరి ఇళ్లల్లోనూ సెలవంటే అదేననుకున్నాను. జీడితోటల ఉద్దానంలో పుట్టి పెరిగి, జీడిపిక్కల కాలంలో సెలవంటే ఏమిటో తెలియని వాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

మా పక్కింటి అక్క అప్పుడు పదో తరగతి. తెల్లారకముందే ఆమె పైకి చదివే పాఠం గోడ దాటి నా నిద్రలోకి వచ్చేది. పరీక్ష గట్టెక్కి టీచరు ట్రైనింగుకి వెళ్లాలని ఆమె కోరిక. వాళ్ల పెరట్లో పిక్కల బట్టీ ఉండేది. పిక్కలు కాల్చడం, కొట్టడం, పప్పు తీయడం ఇంటిల్లిపాదికీ పని. బడి ఉన్న రోజు పిల్ల బడిది, లేని రోజు బట్టీది. ఇది వాళ్ల నాన్నకీ పెద్దమేస్టారికీ మధ్య ఉన్న ఒప్పందమని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నమే ఆమె ఇంటికి రావడం, మందస నుంచి పిక్కల బస్తాలు బండి దిగడం ఒకేసారి జరిగాయి. పాఠాలైపోయాయి కాబట్టే బడి పంపించేసిందని వాళ్ల నాన్న తేల్చేసుకున్నాడు. ఇక పిల్ల బట్టీ దగ్గరే అన్నాడు. సెలవిచ్చింది పక్కింటి కుర్రాడని ఆమె మొత్తుకుంటే నమ్మలేదు. నమ్మడానికి అదేమైనా నమ్మే మాటా?

మర్నాడు తెల్లవారుజామున గోడ అవతల చదువు వినపడలేదు. బళ్లో ప్రార్థన అవగానే పెద్దమేస్టారు నన్ను పిలిచారు.

"మీ పక్కింటమ్మాయి రాలేదు."

"నాకు తెలీదు సార్."

"నిన్నటి హెడ్మాస్టరువి నువ్వు. నీకు తెలీకపోతే ఎలా? నీ ఆర్డరు నేను రద్దు చేస్తే నువ్వు ఉత్తుత్తి హెడ్మాస్టరువన్నమాట. పద," అని గొడుగు అందుకున్నారు.

అలా నా పెద్ద ప్రశ్నకి జవాబు దొరికింది. గొడుగు వెళ్లేది బడికి రాని పిల్లల ఇళ్లకి. పొద్దున్న గేటు దగ్గర నిలబడేది వచ్చిన వాళ్లని చూడ్డానికి కాదు, రాని వాళ్లని చూడ్డానికి. ఆయన మా వీధిలోకి వచ్చే వేళకి నేను సముద్రం ఒడ్డున ఉండి, ఆయన ఎక్కడికెళ్లారా అని ఆలోచించేవాణ్ణి.

పెరట్లో అక్క చేతులు జీడినూనెతో నల్లబడి ఉన్నాయి. తల ఎత్తలేదు. వాళ్ల నాన్న లేచి, "ఏటి మేస్టారూ, ఇలగొచ్చినారు? పాటాలు అయిపోనాయి గదా," అన్నాడు. పెద్దమేస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, కొబ్బరిచెట్టు మొవ్వు కేసి చూస్తూ నిలబడ్డారు. ఇక నేనే నోరు తెరవాలి.

"పెదనాన్నా, నిన్న సెలవిచ్చింది నేను."

"నువ్వా? ముందు నీ నిక్కరు జారిపోకుండా సూసుకో. సెలవిచ్చీడానికి బడేటి మీ నాన్న కట్టించినాడా?"

"నిజమే. పాఠాలు అయిపోలేదు. అక్కని పంపు."

"సెప్పు, సెప్పు," అంది అక్క తల ఎత్తకుండానే. "నిన్న ఎగిరెగిరి సెప్పినావు గదా."

"పంపుతానులే," అన్నాడాయన. "మరి ఈ పిక్కలెవుడు కొడతాడు? నువ్వు కొడతావేటి?"

పెద్దమేస్టారి వైపు చూశాను. కొబ్బరిచెట్టులో ఆయనకేదో మహా విశేషం కనపడుతోంది.

"కొడతాను," అన్నాను.

అక్క నాన్న కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వడం అయ్యాక, మేస్టారి ముందర అన్న మాట కాబట్టి, "సరే, సూద్దుం. నువ్వు మానేసిన రోజు దీన్ని మల్లా కూకోబెట్టేత్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి బడి వదిలాక నేను బట్టీకి. అక్క పుస్తకం పట్టుకుని అరుగు మీదకి. అంతవరకూ ఏ పని తప్పించుకోవాలన్నా నా పిక్కబలమే నాకు అండ. ఈ పిక్కల దగ్గర అది పనిచెయ్యలేదు. చేతులకి బూడిద రాసుకున్నా వేళ్ల తోలు ఊడింది. ఒక్క పప్పూ విరక్కుండా గుండుగా రాలేదు. "పప్పు తియ్యమంటే పొడి సేత్తన్నావేటి నాయనా," అని అక్క వాళ్లమ్మ తల పట్టుకునేది. మర్నాడు పెద్దమేస్టారు కూడా వచ్చి, గొడుగు చూరుకి తగిలించి, చొక్కా చేతులు మడిచి నా పక్కన కూర్చున్నారు. నాకన్నా అన్యాయంగా కొట్టారు. అది చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అక్క పైకి చదువుతుంటే, చేతిలో సుత్తి ఆపకుండానే తప్పులు దిద్దేవారు.

నాలుగైదు సాయంత్రాలు భరించి, ఓ రోజు అక్క నాన్న మా ఇద్దరి ముందూ నిలబడి దణ్ణం పెట్టాడు. "బాబూ, లెగండి. మీరిద్దరూ కలిసి సరుకంతా పాడు సేసేత్తన్నారు. పిల్లని సదివించుకుంటాను గానీ, మీరు నా పిక్కల జోలికి రాకండి." పెద్దమేస్టారు కావాలనే పగలగొట్టారని నా అనుమానం. నాది మాత్రం సహజ ప్రతిభ. అక్క పరీక్ష రాసింది, ట్రైనింగుకీ వెళ్లింది. పిల్లలకి పాఠాలు చెబుతూనే రిటైరైంది.

నేనూ ఈ వృత్తిలోకే వచ్చి, చివరికి ఒక జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాల్నయ్యాను. ఏ కాగితం మీద సంతకం పెట్టబోయినా, ఇది ఎవరి పెరట్లో వెళ్లి పడుతుందో అని ఒక్క క్షణం కలం ఆగేది. ఆ ఆగడం ఆ పెరట్లో అబ్బిందే. ఇప్పుడు కాగితాలు లేకపోయినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో ఏ కూర వండాలో అడిగినా ఆగుతాను. మా ఆవిడ దాన్ని నాన్చడం అంటుంది.

ప్రతీకారం సంగతి మిగిలింది. పెద్దమేస్టారు రిటైరయ్యాక ఒకసారి పలాస నుంచి నన్ను చూడ్డానికి కాలేజీకి వచ్చారు. నా గదిలో టీ తాగుతూ, "రోజంతా ఏటి చేస్తుంటావురా ఇక్కడ?" అని అమాయకంగా అడిగారు. నేను ఆయన్ని స్కూటరెక్కించుకుని నందిగాం వైపు ఒక ఊరికి తీసుకెళ్లాను. ఫస్టియరు చదివే ఒకమ్మాయి కొద్ది రోజులుగా కాలేజీకి రావడం లేదు. వాళ్ల తాత అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. "తాతా, ఈయన మా ప్రిన్సిపాలుగారు. నీతో మాటాడతారంట," అని చెప్పి పక్కకి తప్పుకున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని, రాటకి కట్టేసిన దూడని చూస్తూ నిలబడ్డాను.

ఆయన నాకేసి ఒక్క చూపు చూశారు. నుదురు తుడుచుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. తాత గట్టివాడు, తేలిగ్గా వదల్లేదు. పెద్దమేస్టారు చెమటలు కక్కుతుంటే మొదట్లో నాకు భలే సరదాగా ఉంది. కాసేపటికి సరదా పోయింది. తాత అనే ప్రతి మాటకీ నా దగ్గర జవాబుంది, నాలుక దురద పెడుతోంది, అయినా నోరు మెదపకూడదు. దూడని చూస్తూ ఊరికే నిలబడ్డమంత కష్టమైన పని నేను ఉద్యోగంలో ఇంకొకటి చెయ్యలేదు.

ఆ పిల్ల సోమవారం కాలేజీకి వచ్చింది. వాళ్ల తాత తర్వాత సంతలో కనపడ్డప్పుడల్లా, "మీ ప్రిన్సిపాలు బాగున్నాడేటి? మనిషంటే ఆయనే," అని అడిగేవాడు. నన్ను ఆయన స్కూటరు తోలే కుర్రాడనుకున్నాడు. నేనూ సరిదిద్దలేదు.