కండక్టరు లేచి నిలబడ్డాడు

బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఆయన కూర్చున్న పాపాన పోలేదు. బండి ఎంత ఊగినా ఒక చెయ్యి పైన కమ్మీ మీద, ఇంకో చెయ్యి టికెట్ల మీద. రిటైరయ్యాక ఆ అలసటంతా తీర్చుకుంటున్నట్టు పడక్కుర్చీకి అతుక్కుపోయాడు. ఒకరోజు చక్కెర డబ్బా అందుకోబోయి వంటగదిలో వెల్లకిలా పడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ, లేవడం మాత్రం చేతకాలేదు. పై వాటాలోని అన్నదమ్ములు వచ్చి బీరువాను ఎత్తినట్టు ఎత్తి నిలబెట్టారు.

పరువు పోతే పోయింది, అంతకంటే పెద్ద చిక్కు వచ్చిపడింది. ఆయన భార్య గడప దాటడం మానేసింది. శనివారం వచ్చిందంటే అక్కగారింటికి వెళ్ళి, పొద్దుగూకేదాకా పేకాడి, గెలిచి, ఆ గెలుపు వారమంతా చెప్పుకునే మనిషి. ఇప్పుడు "మళ్ళీ పడితే ఎవరు లేపుతారు?" అంటూ ఆయన ఎదురుగా కాపలా కూర్చుంటోంది. నవ్వడం కూడా తగ్గించేసింది. తన మూలంగానే కదా అని ఆయన మనసు పీకింది.

ఫిజియోథెరపీ చేసే అల్లుడు ఒక డంబెల్ తెచ్చిచ్చాడు.

"వెల్లకిలా పడుకుని దీన్ని ఒంటిచేత్తో నిటారుగా పైకి పట్టుకోవాలి మావయ్యా. రెండో మోచేతి మీద లేచి, అరచెయ్యి ఆనించి, మోకాలి మీదికొచ్చి, నిలబడాలి. పైనున్న చెయ్యి మాత్రం దిగకూడదు. ఒళ్ళంతా పనిచేస్తుంది. ముందు చెప్పుతో మొదలుపెట్టండి."

భార్య స్నానానికి వెళ్ళగానే ఆయన హాల్లో పడుకుని చెప్పు పైకెత్తేవాడు. ఓసారి ఆమె త్వరగా వచ్చేసింది.

"ఎవర్ని కొడదామని?"

"దోమల్ని" అన్నాడు.

చెప్పుతో ఎలాగో కుదిరింది. డంబెల్ దగ్గరికొచ్చేసరికి మోకాలి దాకా లేచి, ఊగి, చతికిలబడేవాడు. ఒకరోజు విసుగొచ్చి తలెత్తి చూస్తే, పైకి చాచిన ఆ చెయ్యి ఎక్కడో చూసినట్టే ఉంది. బస్సు కమ్మీ! మొయ్యడమెందుకు, పట్టుకుంటే పోలా? డంబెల్‌ను కమ్మీలా బిగించి పట్టుకున్నాడు. బస్సు మలుపు తిరిగినప్పుడు సర్దుకున్నట్టే నడుము తనంతట తను సర్దుకుంది. "రైట్... రైట్" అని తనకు తనే చెప్పుకుంటూ లేచి నిలబడ్డాడు.

శనివారం భార్యను కుర్చీలో కూర్చోబెట్టి ఆ విద్యంతా చూపించాడు. ఆమె మెచ్చుకోలేదు.

"ఇంకో చేత్తో?" అంది.

దాంతోనూ లేచాడు. ఆమె లోపలికెళ్ళి, తల దువ్వుకుని, సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

"భోజనం బల్ల మీదుంది. పెందలాడే వచ్చేస్తా."

ఆమె వీధి మలుపు తిరిగాక ఇల్లు బోసిపోయింది. ఇన్నాళ్ళూ ఆమెను ఎలా పంపాలా అనే చూశాడు గానీ, పంపాక తన సంగతేమిటో ఆలోచించలేదు. భయం కూడా వేసింది. ఎన్నిసార్లు లేచినా గోడ అవతల ఆమె ఉందన్న ధైర్యం ఉండేది. ఈసారి అదీ లేదు. తేల్చుకుందామని వంటగదిలోకి వెళ్ళి, ఆనాడు పడ్డ చోటే వెల్లకిలా పడుకున్నాడు. లేచాడు.

అంతలో ఫోను మోగింది.

"పడ్డారా?"

"నేనే పడుకున్నా, నేనే లేచా!" గొంతులో గర్వం దాగలేదు.

అవతల పేక కలుపుతున్న చప్పుడు వినిపించింది.

"అయితే నేను రేపొస్తాలెండి."