టెస్సా వాళ్ళ పదకొండు పేర్లు

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా ఇంటికి దగ్గర్లో ఆదివారం పూట జరిగే సంతలో, తేనె సీసాలకీ ఇంట్లో చేసిన సబ్బులకీ మధ్య, ఎర్రటి జామ్ సీసాలు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుంటాడు. పోయిన నెల ఆయన ఒక సీసా మూత తీసి, రుచి చూడమని చిన్న చెక్కపుల్లతో కాస్త అందించాడు. నోట్లో పెట్టుకోకముందే ముక్కు పోల్చుకుంది. గోంగూర చెట్టుకి కాసే ఎర్ర కాయల పైతొక్కని పంచదారలో ఉడికిస్తే వచ్చే వాసన అది, ఇక్కడివాళ్ళు రోజెల్లా అంటారు. మా ఆయన "గోంగూరతో స్వీటా, పాపం తగుల్తుంది వీళ్ళకి" అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళ కిందటి కుళ్ళు ఒకటి మళ్ళీ లేచింది, అంతే పచ్చిగా.

నా చిన్నతనం క్వీన్స్‌లాండ్ ఉత్తరాన, మకాయ్ దాటాక వచ్చే ఒక చక్కెర మిల్లు ఊళ్ళో గడిచింది. నాన్నది అనకాపల్లి పక్క ఊరు. చెరకు రసం, బెల్లం పాకం వాసనల్లో పుట్టి పెరిగి, అదే చదువు చదివి, ఆ మిల్లులో కెమిస్టుగా చేరాడు. జూన్ నుంచి నవంబరు దాకా మిల్లులో చెరకు ఆడే క్రషింగ్ నడిచేది. సాయంత్రాలు చెరకు తోటలకి నిప్పు పెట్టేవాళ్ళు, ఆకు కాలిపోయి గడలు మిగిలేవి, నల్లటి బూడిద పీలికలు గాల్లో తేలుతూ వచ్చి ఆరేసిన బట్టల మీద, కార్ల మీద, అమ్మ పెరట్లో దుప్పటి పరిచి పెట్టిన గుమ్మడి వడియాల మీద వాలేవి. అమ్మ వడియాలు ఏరుకుంటూ ఆ తోటల వాళ్ళని పేరుపేరునా తిట్టేది, ఎవరికీ తెలుగు రాదు కనుక గొంతు తగ్గించాల్సిన పనీ ఉండేది కాదు. ఊరి మధ్యనుంచి చెరకు నింపుకున్న బుల్లి రైలు పాక్కుంటూ పోయేది, వానాకాలం వస్తే రోడ్ల మీద కప్పలు, చెట్ల కింద ఎవరూ ఏరుకోని మామిడి పళ్ళు, అన్నిటి మీదా ఆ మడ్డి బెల్లం వాసన.

కంచెకి అవతల గ్రానీ ఎల్సీ ఇల్లు. ఆవిడ పెరటి నిండా రోజెల్లా చెట్లు. కాయలు కోసి జామ్ చేసుకుని, ఆకంతా దూసి ఎరువు గుంటలో పారేసేది. మేం ఆ ఇంట్లో దిగిన వారానికి మా అమ్మ ఆ దృశ్యం చూసి, చేస్తున్న పని వదిలేసి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో కంచె దగ్గరికి పరిగెత్తింది. ఆ రోజు నుంచి ఆకు మాది, కాయ వాళ్ళది. అమ్మ పచ్చడి సీసా ఇస్తే గ్రానీ జామ్ సీసా ఇచ్చేది, ఒకరిది ఒకరు తినలేక మొహమాటపడేవాళ్ళు. గ్రానీ మనవరాలు టెస్సా నా ఈడుది, నా క్లాసు. కంచెకి రెండు పలకలు ఊడదీసి మేమిద్దరం దారి చేసుకున్నాం.

టెస్సా అంటే నాకు ప్రాణం. టెస్సా అంటే నాకు ఒళ్ళుమంట కూడా. మా ఇంట్లో అమ్మ, నాన్న, నేను. భోజనాల బల్లకి నాలుగో కుర్చీ ఉంటే దాని మీద ఇస్త్రీ బట్టలు ఉండేవి. వాళ్ళింట్లో మామూలు రోజునే పదిమంది, ఆదివారం ముప్ఫైమంది. టెస్సాకి జ్వరం వస్తే ముగ్గురు అత్తలు వచ్చేవాళ్ళు. బళ్ళో ఎవడైనా ఒక మాట అంటే ఆరుగురు అన్నలు గేటు దగ్గర నిలబడేవాళ్ళు. పొరుగింటి పుల్లకూర రుచెక్కువ అంటారు కదా, నాకు వాళ్ళ కూరే కాదు, వాళ్ళ చాప, వాళ్ళ కుక్క, గ్రానీ టెస్సా జుట్టు అల్లుతూ అరిచే అరుపు కూడా కావాలనిపించేది.

అన్నిటికంటే ఎక్కువగా కుళ్ళుకున్నది పేర్ల రోజు చూసి. క్రషింగ్ అయిపోయాక డిసెంబరులో ఒక ఆదివారం, గ్రానీ పెరట్లో మామిడి చెట్టు కింద మోకాలి లోతు గొయ్యి తీసి, రాళ్ళు ఎర్రగా కాల్చి, అరిటాకుల్లో కట్టిన కోడి, పంది మాంసం, పెండలం, చేమదుంపలు, కొబ్బరిపాలు పోసిన పిండి పేర్చి, మళ్ళీ ఆకులు కప్పి మట్టి పోసేవాళ్ళు. మధ్యాహ్నం దాకా ఆ మట్టి పైనుంచి సన్నగా ఆవిరి లేచేది. ఆ గొయ్యి తవ్వి తీసేముందు ఒక పని జరగాలి. గ్రానీ లేచి, తన నాన్నతో కలిపి ఒకే ఓడలో, ఒకే తీరం నుంచి వచ్చిన పదకొండుమంది పేర్లు చదివేది. కాగితం ఉండేది కాదు. ఆ తర్వాత చిన్నపిల్లలు ఒక్కొక్కరే నిలబడి తాము ఎవరి బిడ్డో, ఆ బిడ్డ ఎవరి బిడ్డో చెప్పుకుంటూ ఆ పదకొండులో ఒక పేరు దగ్గర ఆగాలి. మూడేళ్ళ పిల్లాడు కూడా తప్పులేకుండా చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని చేతులు నలుపుకునేదాన్ని. ఆ పదకొండు పేర్లూ నాకు ఇప్పటికీ వచ్చు. ఇక్కడ రాయను, అవి నావి కావు.

ఆరో క్లాసులో మా సారు బోర్డు మీద మూడు ఖండాలు గీసి, మూడు బాణాలు వేసి, అట్లాంటిక్ బానిస వ్యాపారం పాఠం చెప్పాడు. యూరపు ఓడలు బట్టలు, తుపాకులు, ఇనప కడ్డీలు, పూసలు నింపుకుని ఆఫ్రికా తీరానికి పోయేవి. అక్కడి రాజులూ వ్యాపారులూ యుద్ధాల్లో పట్టుకున్నవాళ్ళనీ, దారికాచి ఎత్తుకొచ్చినవాళ్ళనీ ఇచ్చి అవి తీసుకునేవాళ్ళు. మనుషుల్ని ఓడ అడుగున అరల్లో గొలుసులు వేసి పక్కపక్కనే పడుకోబెట్టి, వారాలకి వారాలు సముద్రం దాటించి, పశువుల సంతలోలా పళ్ళు చూసి, కండలు చూసి అమ్మేవాళ్ళు. అదే ఓడ చక్కెర నింపుకుని ఇంటికి పోయేది. ఇదంతా దేనికి మొదలైంది అని సారు అడిగాడు. "షుగర్" అన్నాడాయన. కిటికీలోంచి మా మిల్లు పొగ కనిపిస్తూనే ఉంది. ఆయన మాత్రం, ఇదంతా అట్లాంటిక్‌లో జరిగింది, మనది పసిఫిక్, ఇక్కడ అలాంటివి లేవు అని బోర్డు తుడవబోయాడు.

టెస్సా చెయ్యెత్తింది. "మై గ్రానీస్ డాడ్ కేమ్ ఆన్ ఎ షిప్, సర్. హి డిడ్న్ట్ వాంట్ టు."

తర్వాతి వారం గ్రానీ ఎల్సీ పూలగౌను వేసుకుని మా క్లాసుకి వచ్చింది. పసిఫిక్‌లో వాళ్ళ ద్వీపం ఒడ్డున ఓడ ఆగిందనీ, అద్దాలు, ఎర్రగుడ్డలు చూపించి కుర్రాళ్ళని పిలిచారనీ, ఎక్కినవాళ్ళని కింద గదిలో వేసి తలుపు బిగించారనీ చెప్పింది. ఒడ్డుకి దింపాక చదవరాని కాగితం మీద గుర్తు పెట్టించారు. మూడేళ్ళ కూలి అని దాని అర్థమట. తనకి నోరు తిరగలేదని తోట యజమాని గ్రానీ నాన్న పేరు తీసేసి బాబ్ అని పెట్టాడు. జబ్బు చేసి పోయినవాళ్ళని తోట గట్టునే పాతారు, ఇప్పుడు ఆ గట్లు దున్నేశారు. తర్వాత కొన్నేళ్ళకి, నల్లవాళ్ళు ఈ దేశంలో ఉండకూడదని చట్టం తెచ్చి, చాలామందిని వద్దన్నా తిరిగి ఓడలెక్కించారు. ఆయన కొండల్లో దాక్కుని మిగిలిపోయాడు. గ్రానీ ఏడవలేదు. క్లాసంతా టెస్సా వైపు తిరిగి చూసింది, అలా నా వైపు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. విన్నదానికి నాకు బాధేసింది, నిజమే, కానీ దానికంటే ముందు నా మనసులో పుట్టిన మాట, ఇంత కథ టెస్సాకేనా, నాకేం లేదా అని. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ ఓడ మీద కూడా కుళ్ళుకున్నాను.

అప్పుడు మా ఇంట్లో నాయనమ్మ ఉంది, ఆరు నెలల వీసా మీద వచ్చింది. భాష రాకపోయినా గ్రానీతో ఆవిడకి భలే జత కుదిరింది, ఇద్దరూ కంచెకి చెరో పక్క కుర్చీలు వేసుకుని ఆకు దూస్తూ సైగలతో కాలక్షేపం చేసేవాళ్ళు. ఆ సాయంత్రం బడినుంచి వచ్చి, పుస్తకాల సంచీ విసిరి, మన వంశంలో ఓడెక్కినవాళ్ళు ఒక్కరూ లేరా అని ఏడుపు మొహంతో అడిగాను. నాయనమ్మకి రోషం వచ్చింది.

"ఓలమ్మ, మనకి ఓడల్లేవేటే? మీ తాతకి తాత కూలోళ్ళని ఓడలెక్కించీ మేస్త్రీ. కరువు రోజుల్లో ఊళ్ళకి ఊళ్ళే ఎక్కించీసినాడు. ఫిజీ అనీసి, ఆఫ్రికాలో నేటాలనీసి, సెరుకు తోటలకి. కూడు, గుడ్డ, ఐదేళ్ళకి తిరిగొచ్చీడమే అని సెప్పీవోడంట."

"మరి తిరిగొచ్చారా?"

"ఎవులొచ్చేరు," అంది, చేతిలో ఆకు అలాగే పట్టుకుని. ఆ ఆకు పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఈ మాట ఆ మామ్మ కాడ అనకు. ఇంటి మాట ఇంట్లోనే ఉండాల."

పదకొండేళ్ళ పిల్లకి అది చాలదా, ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని అర్థం కావడానికి? అర్థమైంది. ఆ తర్వాత జరిగినదానికి చిన్నపిల్లని అని తప్పించుకోను.

పేర్ల రోజు వచ్చింది. గ్రానీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నాయనమ్మ, నేత చీరె కట్టుకుని, పెద్దరికంగా కూర్చుంది. పదకొండు పేర్లూ అయ్యాయి. పిల్లలు వరసగా లేచారు, టెస్సా లేచి చెప్పి, అందరూ చప్పట్లు కొడుతుంటే నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు ప్రేమగానే నవ్వింది. నాకు మాత్రం మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను. నా పేరు, నాన్న పేరు, తాత పేరు చెప్పి, మా తాత తాతకి కూడా ఓడలున్నాయి, ఆయన ఊళ్ళకి ఊళ్ళని చెరకు తోటలకి పంపించాడు అని గట్టిగా, ఇంగ్లీషులో, గర్వంగా చెప్పాను. నేను కోరుకున్నట్టే తలలన్నీ నా వైపు తిరిగాయి.

టెస్సా నవ్వు ఆగిపోయింది. గ్రానీ ఎల్సీ నా వైపు తిరిగి, "వాళ్ళ పేర్లేమిటి, మై గర్ల్?" అని అడిగింది. నాకు తెలియదు. నాయనమ్మ వైపు తిరిగి తెలుగులో అడిగాను. నేనేం చేశానో ఆవిడకి అప్పుడు తెలిసింది, ముఖం వెలవెలబోయింది.

"ఎంత పని సేసీసేవే గుంటా. కూలోళ్ళ పేర్లు ఎవులికి తెలుసే?"

ఆ మాటే గ్రానీకి చెప్పాను, ఎవరికీ తెలియదట అని. ఆవిడ తలాడించి, కూర్చోమని, గొయ్యి తవ్వమని పిల్లలకి చెప్పి, ఎప్పట్లాగే నాకిష్టమైన మాడిన పెండలం చెక్క నా ఆకులో వేసింది. దాన్ని ఆకులోనే వదిలేశాను.

మర్నాడు టెస్సా కంచె దగ్గరికి రాలేదు. నేనూ వెళ్ళలేదు, వెళ్ళి క్షమాపణ చెప్పిరమ్మని అమ్మ తిడితే తలుపేసుకున్నాను. నాయనమ్మ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు, వీసా ఇంకా ఉండగానే వెళ్ళిపోయింది. డిసెంబరు, జనవరి వేసవి సెలవులు అయ్యేలోపు నాన్నకి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం దొరికింది, ఊడదీసిన రెండు పలకలకీ ఎవరో మళ్ళీ మేకులు కొట్టేశారు.

సంతనుంచి వచ్చిన సాయంత్రం టెస్సా కోసం ఫోన్లో వెతికాను. దొరికింది, మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేసింది. ఇప్పుడు చెరకు కాల్చకుండా పచ్చిగానే కోస్తున్నారట, బూడిద రాలదట. మామిడి చెట్టు తుపానుకి పోయింది, ఆ ఇల్లు అమ్మేశారు, పేర్ల రోజు ఊరి హాల్లో జరుపుతున్నారు. గ్రానీ తొంభై దాటాక నిద్రలోనే పోయింది. నేను సారీ చెప్పబోతే ఆపింది. నీకో సంగతి తెలియదు, విను అంది. నేను వెళ్ళిపోయిన మరుసటేడు గ్రానీ పదకొండు పేర్లూ చదివి, కూర్చోకుండా, ఇంకో మాట చేర్చిందట. "ఇండియా నుంచి చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళు, మనకి పేర్లు తెలియనివాళ్ళు." బతికున్నన్నాళ్ళూ ప్రతి ఏడూ చెప్పింది. ఆవిడ పోయాక కూడా చెబుతున్నారు, మూడేళ్ళ పిల్లలకి కూడా వచ్చట.

ఫోన్ పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది, దాని వెనకే పాత కుళ్ళూ వచ్చింది. మావాళ్ళు పంపేసినవాళ్ళని తలుచుకోవడం కూడా వాళ్ళకే చేతనైంది, మాకు చేతకాలేదు.

ఈ డిసెంబరుకి వచ్చి ఆ మాట నువ్వే చెప్పు, ఒక్క పేరు దొరికినా తీసుకురా అంది టెస్సా. టికెట్టు తీసుకున్నాను. నాన్నని అడిగాను, అనకాపల్లిలో బాబాయికి, చోడవరంలో అత్తయ్యకి ఫోన్లు చేశాను. మేస్త్రీగారు కట్టించిన పెంకుటింటి దూలాల సంగతి, ఆయన చేతికర్రకి వెండి పొన్ను సంగతి చాలాసేపు చెప్పారు. ఓడెక్కినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆయన తెల్ల గుర్రం పేరు మాత్రం ముగ్గురూ తడుముకోకుండా చెప్పారు, మాణిక్యం అని. టెస్సా వాళ్ళకి పదకొండు పేర్లున్నాయి. మాకు మాణిక్యం ఉంది.