ఆయమ్మ పట్టుకున్న చెయ్యి

మా పక్కింటి ఆయమ్మ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసింది. ఒకసారి డ్యూటీ అయిపోయిందని, చావుబతుకుల్లో ఉన్న రోగి పట్టుకున్న చేతిని విడిపించుకుని ఇంటికొచ్చేసింది. ఈ సంగతి ఆమె నోటి నుంచి రాబట్టడానికి నాకు పదేళ్లు పట్టింది.

మొన్న ఇద్దరం, పాత బంగళాలో ప్రేక్షకులే గది గదికీ తిరుగుతూ చూసే నాటకానికి వెళ్లాం. మంచం మీద రోగి వేషంలో ఉన్నతను ఆమె చెయ్యి పట్టుకుని, "వెళ్లకమ్మా" అన్నాడు. అందరం పక్కగదికి కదిలాం. ఆమె కదల్లేదు.

"రావే, పట్టుకున్నది నీ మొగుడేం కాదు!" అన్నాను.

"నువ్వెళ్లి చూసిరా అక్కా."

నాటకం ముగిశాక తిరిగొచ్చాను. అతను లేచి కూర్చుని, "అయిపోయిందమ్మా, ఇక వెళ్లొచ్చు" అంటున్నాడు.

"ముందు నువ్వు చెయ్యి వదులు నాయనా" అంది ఆయమ్మ.

అతని రెండు చేతులూ అతని ఒళ్లోనే ఉన్నాయి. ఆయమ్మ చెయ్యి మాత్రం దుప్పటి మీద, ఎవరో పట్టుకున్నట్టే ఉంది.