అమ్మ బేరాలకు నా హిందీ

సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాలు ఆగిపోయి నేతపని దొరకని రోజుల్లో బాపు మమ్మల్ని ముంబై దగ్గరి భివండికి తీసుకెళ్లాడు. అక్కడి కార్ఖానాలో మగ్గాలు నడిపేవాళ్లంతా మనవైపు వాళ్లే కాబట్టి ఆయనకు హిందీతో పని పడలేదు. అమ్మకే పడింది. సిరిసిల్ల సందుల్లో ఎవరితోనైనా గొంతెత్తి మాట్లాడే మనిషి, భివండి బజారులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. చెప్పిన ధర అర్థం కాక పెద్ద నోటు చేతిలో పెట్టేది. తిరిగిచ్చిన చిల్లరను చూడకుండానే కొంగున ముడి వేసేది. చూస్తే కొట్టువాడేమైనా అడుగుతాడని భయం.

కొన్నాళ్లకు బజారు మానేసి, కోరుట్ల నుంచి వచ్చి మా సందులోనే కిరాణా పెట్టుకున్న శేటు దగ్గర అన్నీ కొనడం మొదలుపెట్టింది. ఆయన తెలుగులో మర్యాదగా పలకరించేవాడు, ప్రతి వస్తువుకూ ఎక్కువ తీసుకునేవాడు. మన భాష వినడానికి కూడా డబ్బు కట్టామని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నెలాఖరుకు మా పొయ్యి మీద గంజే ఉండేది.

నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడి, పక్క గదుల పిల్లలతో కొట్లాడి నేను హిందీ నేర్చుకున్నాను. తొమ్మిదేళ్లుంటాయేమో. అప్పటినుంచి అమ్మ నా భుజం పట్టుకోకుండా బజారుకు పోలేదు. కూరగాయల బండి దగ్గర వెనక నుంచి గొణిగేది: "గంతెందుకు? సగానికి అడుగు." నేను అడిగేదాన్ని. వాళ్లు ఎంతోకొంత దిగేవాళ్లు. ఇంట్లో పప్పు చిక్కబడింది. "నా బిడ్డ వకీలైతది" అని బాపు మురిసిపోయేవాడు. నేను మాత్రం బండి దగ్గరికి వెళ్లే దారంతా అడగాల్సిన మాటలు లోలోపల వల్లించుకునేదాన్ని. ఒక్క మాట తప్పు మాట్లాడితే ఆ పూట కూర ఉండదని నాకు తెలుసు.

ఆ చలికాలం బాపు దగ్గితే నెత్తురు పడింది. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు. బాపును బయట కూర్చోమని సైగ చేసి, విషయం నాకు హిందీలో చెప్పాడు. ఆర్నెల్లు మగ్గం దగ్గరికి పోకూడదు, ఆ దూది దుమ్ము మళ్లీ పీలిస్తే మనిషి దక్కడు. అదే మాట నేను వెనక నిలబడ్డ అమ్మకు తెలుగులో చెప్పాను. బాపు పనికి పోకపోతే మా ఇంటికి ఇంకో ఆధారం లేదు. అమ్మ డాక్టరు వైపు చూడనే లేదు. నా భుజం గట్టిగా నొక్కింది.

"ఆర్నెల్లంటే ఎట్ల బతుకుతం బిడ్డా? రెండు నెలలకు ఒప్పుకుంటడేమో అడుగు."

అడిగాను. డాక్టరు పెన్ను కింద పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"గట్లయితే మూడు అను" అంది అమ్మ.