జావ బారులో చిక్కులెక్కలు

మలావీ సరస్సు ఒడ్డునున్న ఆ బడిలో ఇరవై ఏళ్లుగా పిల్లలకు మొక్కజొన్న జావ కాచేది ఫలెసి. రెండో తరగతి మధ్యలోనే చదువు మానేసి, తండ్రి పక్కన కూర్చుని చేపల వలలు బాగుచేసిన మనిషి. చిక్కులెక్కలన్నీ ఆయన దగ్గర నేర్చినవే. కప్పులు పట్టుకుని బారు తీరిన పిల్లలకు రోజుకొకటి విసిరేది. ముందుగా జవాబు చెప్పినవాళ్లకు కుండకు అంటిన తియ్యటి మాడు. దానికోసం వాళ్లు వాదులాడుకుంటుంటే ఆమెకు లోలోపల భలే సంబరం.

కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు లిచాపాకు ఇది నచ్చలేదు. పిల్లలు తరగతులకు ఆలస్యమవుతున్నారనీ, ఇకనుంచి లెక్కలు కట్టిపెట్టి జావ పోస్తే చాలుననీ చెప్పాడు. ఫలెసి బుద్ధిగా తలూపింది.

“అలాగే సారూ. ఆఖరుగా ఒక్కటి మిమ్మల్నే అడుగుతా. ఐదుగురు పిల్లలు ఐదు కప్పుల జావని ఐదు నిమిషాల్లో తాగితే, వందమంది వంద కప్పులు ఎంతసేపట్లో తాగుతారు?”

“వంద నిమిషాలు. అందుకేగా ఆలస్యం అంటున్నాను.”

బారంతా కిసుక్కుమంది. ఫలెసి మాత్రం నవ్వలేదు. సారు మాట కాదనడమెందుకు, సరిచూద్దాం అంది. అందరికీ పోసేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. జావ గోరువెచ్చనయ్యాక, వాచీ చూడమని ఆయనకు చెప్పి, “ఊఁ, కానివ్వండి” అంది. ఐదు నిమిషాలు నిండకుండానే వందమందీ కప్పులు బోర్లించారు. లిచాపా వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అది బాగానే ఆడుతోంది. ఎవరి కప్పు వాళ్లే తాగుతారు కదా అని గొణుక్కుంటూ గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఫలెసి మాట తప్పలేదు, ఒక్క లెక్కా అడగలేదు. బారు చప్పగా కదిలింది. మూడో రోజు లిచాపాయే బుట్టతో వచ్చాడు. బుట్టలో పది మామిడిపళ్లు. పదిమంది పిల్లలకు తలా ఒక పండు ఇవ్వాలట, పండు కోయకూడదట, అయినా బుట్టలో ఒకటి ఉండాలట. చేసి చూపిస్తే మళ్లీ రోజూ లెక్కలు అడగొచ్చన్నాడు.

ఫలెసి పంచింది. బుట్ట ఖాళీ. పళ్లు వెనక్కి తీసుకుని మళ్లీ పంచింది. మళ్లీ ఖాళీయే. ఆమె చెవులు వేడెక్కాయి. లిచాపా చేతులు కట్టుకుని హాయిగా నిలబడ్డాడు.

మూడోసారి తొమ్మిదిమందికి ఇచ్చి, చివర నిలబడ్డ ఒకటో తరగతి పిల్ల తాడాలా దగ్గరకు వచ్చింది.

“పండు బయటికి తియ్యకు అవ్వా,” అంది తాడాలా. “బుట్టతో సహా నాకిచ్చెయ్యి.”

ఇచ్చేసింది. పండున్న బుట్ట చంకన పెట్టుకుని ఆ పిల్ల తరగతికి నడిచింది.

ఇరవై ఏళ్లలో ఫలెసిని ఇలా బోల్తా కొట్టించినవాళ్లు లేరు. ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

“లెక్క విప్పింది మీరు కాదుగా,” అన్నాడు లిచాపా.

“నా బారులో పిల్లే కదా సారూ,” అంది కళ్లు తుడుచుకుంటూ. “రేపటికి ఇంకోటి పట్రండి. ఈసారి తాడాలాని బారులో ముందు నిలబెడతా.”